ఆవకాయకో శాశ్వత చిరునామా

ఇంగోల్‌స్టాట్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఆడి కార్లు. కానీ ఈ ఊళ్ళోనే ఇంకో పెద్ద సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఉంది. టీవీలు, ఫోన్లు, వాషింగ్ మెషీన్లు అమ్మే మీడియా మార్క్ట్, సాటర్న్ దుకాణాల యజమాని అదే. సాటర్న్ 1961లో కొలోన్‌లో, మీడియా మార్క్ట్ 1979లో మ్యూనిక్‌లో మొదలయ్యాయి. తరవాత రెండూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. వాళ్ళ కార్యాలయం ఉన్న వీధి పేరు కూడా మీడియా-సాటర్న్ వీధే. సంస్థ తన గుంపుకి బయట వాడే పేరుని మీడియామార్క్ట్‌సాటర్న్ అని మార్చుకుంది. వీధి పేరు మాత్రం అలాగే ఉంది. ఎవరూ దాన్ని సవరించే పని పెట్టుకోలేదు. ఉత్తరాలు భేషుగ్గా అందుతున్నాయి.

చిరునామా పని వర్ణించడం కాదు, చేర్చడం. ఈ చిన్న సంగతి నాకు పాతికేళ్ళ చదువూ ఉద్యోగమూ నేర్పలేదు. ఒక ఆవకాయ సీసా నేర్పింది.

నేను చేసిన నిర్వాకం

కొన్నేళ్ళ క్రితం, ఇక్కడికి రైల్లో గంట దూరంలో భారతీయ సరుకుల కొట్టు నడిపే ఒక తెలుగాయన తన ఆన్‌లైన్ దుకాణాన్ని కొత్తగా రాసిపెట్టమని అడిగారు. శని, ఆదివారాల్లో చేసే సాయమే కదా అని ఒప్పుకున్నాను. పాత సైటు చూస్తే నవ్వొచ్చింది. ప్రతి వస్తువు చిరునామా చివరా ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె. ఆవకాయ ఎంతో నంబరు వస్తువు, కందిపప్పు ఇంకెంతో నంబరు వస్తువు. ఇదేం అనాగరికం అనుకుని అందంగా మార్చాను. ముందు దుకాణం, ఒక స్లాష్, పచ్చళ్ళు, ఒక స్లాష్, ఆంధ్ర పచ్చళ్ళు, ఇంకో స్లాష్, ఆవకాయ. చదివితే అర్థమవుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది. మరి పాత చిరునామాలతో వచ్చేవాళ్ళ మాటేమిటి? అందర్నీ మొదటి పేజీకి పంపేశాను. ఒక్క లైను కోడుతో పని అయిపోయింది.

రెండు నెలలు తిరక్కుండానే ఫోను.

"తమ్ముడూ, సైటు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఆర్డర్లే తగ్గాయి."

"కొత్త సైటు కదన్నా, గూగుల్లో సర్దుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది."

"గూగుల్ సంగతి నాకు తెలీదు. మన సీసా మీది క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే ఆవకాయ రావట్లేదు, మొదటి పేజీ వస్తోంది. ఆ లేబుళ్ళు నాలుగు వేలు అచ్చు వేయించానయ్యా!"

అప్పుడు తెలిసింది. ఆయన వ్యాపారంలో పెద్ద భాగం ఆ సీసాల మీదే నడుస్తోంది. పచ్చడి అయిపోయినవాళ్ళు సీసా కడిగే ముందు లేబులు స్కాన్ చేసి మళ్ళీ తెప్పించుకుంటారు. ఎవరి వంటింటి అలమరలో ఏ సీసా ఉందో నాకేం తెలుసు? నేను ఆ నాలుగు వేల ఇళ్ళకీ దారి మూసేశాను.

ఇది చాలదన్నట్టు, అదే వారం ఆయన 'ఆంధ్ర పచ్చళ్ళు' అనే వర్గం తీసేసి 'మామిడికాయ పచ్చళ్ళు', 'ఆకుకూర పచ్చళ్ళు' అని రెండు చేశారు. అది ఆయన దుకాణం, ఆయనిష్టం. కానీ వర్గం పేరు చిరునామాలో భాగం కావడంతో, సాఫ్ట్‌వేరు ఆ పచ్చళ్ళన్నిటి చిరునామాలూ మార్చి కూర్చుంది. ఆయన అర సర్దుకున్నారు, నేను కట్టిన సైటు ఇల్లు కూల్చింది.

ఇడ్లీ రవ్వ ఏ అరలో పెడతారు?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. వస్తువు చిరునామాలో వర్గం పేరు ఉండకూడదు. ఎందుకంటే వర్గం అనేది ఒక అభిప్రాయం. అభిప్రాయాలు మారతాయి.

ఇడ్లీ రవ్వనే తీసుకోండి. పేరుని బట్టి అది రవ్వల్లోకి పోవాలి. కానీ పక్కనున్న బొంబాయి రవ్వ గోధుమది, ఇది బియ్యానిది. అందుకని బియ్యంలో పెట్టాలంటారు ఒకరు. కాదు, కొనేవాడు టిఫిన్ కోసం వెతుకుతాడు కాబట్టి టిఫిన్లలో ఉండాలంటారు ఇంకొకరు. ముగ్గురూ రైటే. మూడు వర్గాల పేజీల్లోనూ ఇడ్లీ రవ్వ కనిపించాల్సిందే. అయితే చిరునామాలో వర్గం ఉంటే ఒకే వస్తువుకి మూడు చిరునామాలు పుడతాయి. సెర్చ్ ఇంజన్లకి ఇవి మూడు వేర్వేరు పేజీలు. ఈ రోగానికి మందుగా 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 'కెనానికల్' లింకుని ప్రకటించాయి. ఇన్నిట్లో అసలుది ఇదీ అని పేజీలోనే చెప్పుకునే ఏర్పాటు అది. మంచిదే, వాడుకోండి. కానీ అది సూచన మాత్రమే. ఒప్పుకోవాలని సెర్చ్ ఇంజనుకి నిబంధనేమీ లేదు. పుండు కాకుండా చూసుకోవడం తేలిక.

పెద్దవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. అమెజాన్‌లో వస్తువుకి పది అక్షరాల గుర్తు ఉంటుంది. చిరునామాలో దాని ముందు కనిపించే పేరు అలంకారమే. ఆ పేరు చెరిపేసినా పేజీ వస్తుంది. మా ఊరి మీడియా మార్క్ట్ సైటులోనూ వస్తువు చిరునామాలో దాని పేరూ, చివర ఒక అంకే ఉంటాయి, మధ్యలో వర్గాల మెట్లు ఉండవు. నేను నవ్విన ఆ పాత సైటులోని అంకెకీ దీనికీ తేడా ఎంత? పేరొక్కటే. పేరు మనిషి కోసం, అంకె యంత్రం కోసం. రెండూ కలిపి రాస్తే రేపు పేరులో అచ్చుతప్పు దిద్దినా అంకె పట్టుకుని పేజీ దొరుకుతుంది.

తపాలావాళ్ళు చూపిన దారి

మారక తప్పని రోజు రావచ్చు. అప్పుడేం చెయ్యాలో జర్మన్ తపాలాశాఖ ఎప్పుడో చూపించింది. రెండు జర్మనీలు 1990లో ఏకమయ్యేసరికి ఇద్దరికీ నాలుగంకెల పిన్‌కోడ్లే. పశ్చిమాన బాన్ నగరానిది 5300, తూర్పున వైమార్‌దీ 5300! రెండు దుకాణాల డేటాబేసులు కలిపేటప్పుడు ఒకే ఐడీతో రెండు వస్తువులు ఎదురైతే మనకి చెమటలు పడతాయే, అచ్చంగా అదే. తాత్కాలికంగా కోడు ముందు పశ్చిమానికో అక్షరం, తూర్పుకో అక్షరం తగిలించారు. తరవాత 1993 జులై 1న దేశమంతా ఒకేసారి అయిదంకెలకి మారింది. అంతవరకూ 8070గా ఉన్న ఇంగోల్‌స్టాట్‌కి 850తో మొదలయ్యే కొత్త కోడ్లు వచ్చాయి.

గమనించాల్సింది ఏమిటంటే, పాత కోడుతో వచ్చిన ఉత్తరాలన్నిటినీ బెర్లిన్ పెద్ద పోస్టాఫీసులో పడెయ్యలేదు. ఏ వీధికి ఏ కోడో చూపించే లావుపాటి పుస్తకం అచ్చు వేసి ఇంటింటికీ పంచారు. నేను చేసింది మాత్రం ఉత్తరాలన్నీ ఒకే చోట పడెయ్యడమే. సంబంధం లేని పాత పేజీలన్నిటినీ మొదటి పేజీకి మళ్ళిస్తే గూగుల్ కూడా దాన్ని 'పేజీ లేదు' అన్నట్టే లెక్కేస్తుంది.

సరైన పద్ధతి ఇది. పాత చిరునామాకి ఎదురుగా కొత్తది, వరసకి ఒకటి చొప్పున పట్టిక రాయాలి. శాశ్వత మార్పుకి 301 పంపాలి, 302 కాదు. అసలు ఆ సరుకే అమ్మడం మానేసి, దగ్గరగా ఉండేది కూడా లేకపోతే 404 గానీ 410 గానీ నిజాయితీగా చెప్పాలి. ఒక మళ్ళింపు ఇంకో మళ్ళింపుకి, అది మరో దానికి గొలుసుకట్టుగా పోకుండా ఎప్పటికప్పుడు నేరుగా చివరి చిరునామాకే కలపాలి. కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. నన్నడిగితే సీసా ఉన్నన్నాళ్ళూ ఉంచమంటాను. పచ్చడి సీసా ఏడాదికి మించి బతుకుతుందని మన అమ్మల్ని అడిగితే చెబుతారు.

పది టిక్కులు, కోటి పేజీలు

వస్తువు సంగతి అలా ఉంచి వర్గాల పేజీల దగ్గరికొద్దాం. వర్గానికి సొంత చిరునామా ఉండాలి, అది కురచగా ఉండాలి. పచ్చళ్ళు అంటే పచ్చళ్ళే. అక్కడ ప్రమాదం వడపోతలతో వస్తుంది. పేజీ పక్కన పది టిక్కు పెట్టెలున్నాయనుకోండి: నూనె, కారం, వెల్లుల్లి ఉన్నవి, లేనివి, ఇలా. ఒక్కోటీ పెట్టొచ్చు, మానొచ్చు. కాబట్టి 1,024 రకాలు. ఇంతవరకూ ఫరవాలేదు. కానీ టిక్కు పెట్టిన వరసలోనే చిరునామాలో చేరుస్తూ పోతే? కారం తరవాత వెల్లుల్లి ఒక చిరునామా, వెల్లుల్లి తరవాత కారం మరొకటి. లెక్క వేస్తే మొత్తం 98,64,101 చిరునామాలు వస్తాయి. ఆరువందల సరుకులున్న కొట్టుకి దాదాపు కోటి పేజీలు! సెర్చ్ ఇంజను ఆ అడవిలో తిరుగుతూ అసలు ఆవకాయ పేజీకి రావడం మానేస్తుంది.

వరస ఎప్పుడూ ఒకటే ఉండేలా సర్వరులో నిర్ణయించండి. జనం నిజంగా వెతికే ఒకటి రెండు కలయికలకి మాత్రం, ఉదాహరణకి 'వెల్లుల్లి లేని పచ్చళ్ళు', సొంత పేజీ కట్టి, పైన నాలుగు మాటలు రాయండి. మిగతావి మనుషులకి పనిచేస్తే చాలు, సెర్చ్ ఇంజనుకి చూపించక్కర్లేదు.

తెలుగులో రాయొచ్చా?

ఈ ప్రశ్న మనవాళ్ళు తప్పక అడుగుతారు. రాయొచ్చు. బ్రౌజరు చూపిస్తుంది కూడా. కానీ కాపీ చేసి ఈమెయిల్లో అతికించండి. 'ఆవకాయ'లో యూనికోడు ప్రకారం అయిదు సంకేతాలు. ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. అయిదు సంకేతాల మాట 45 అక్షరాల చేంతాడు అవుతుంది. పోనీ ఇంగ్లీషు లిపిలో రాద్దామంటే ఒప్పందం లేదు. జర్మన్లు తమ రెండు చుక్కల అక్షరాలని ఎలా విప్పి రాయాలో ఎప్పుడో తేల్చుకున్నారు. మన 'పచ్చడి'ని పదిమంది పదిరకాలుగా రాస్తారు. ఆర్టీఎస్ అలవాటున్నవాళ్ళు డకారానికి పెద్ద 'డి' కొడతారు. చిరునామాలన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంచడం ఆనవాయితీ కాబట్టి ఆ తేడా ఎలాగూ పోతుంది. అందుకే ఒక వర్ణక్రమం ఎంచుకుని దానికే కట్టుబడండి. చివరి అంకె ఉంటే వర్ణక్రమం గొడవ ప్రాణాంతకం కాదు.

వర్గం కనిపించకపోతే కొనేవాడికి తానెక్కడున్నాడో ఎలా తెలుస్తుందని మా ఆఫీసులో ఒకాయన వాదించాడు. మంచి ప్రశ్నే. దానికి పేజీ పైన 'దుకాణం, పచ్చళ్ళు, ఆవకాయ' అని దారి చూపించే వరస ఉంది. ఆ దారిని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చిరునామా కదలదు. పైగా గూగుల్ 2025 జనవరి నుంచి మొబైల్ ఫలితాల్లో సైటు పేరు తప్ప ఆ మెట్లు చూపించడమే మానేసింది.

ఆ అన్నయ్య కొట్టుకి రెండు రాత్రులు మేలుకుని, ఆరువందల సరుకులకీ చేత్తో పట్టిక రాశాను. పాత అంకెలే మళ్ళీ చిరునామాల చివరకి తెచ్చాను. సీసాలు మళ్ళీ పలికాయి. డబ్బు తీసుకోమంటే మొహం చెల్లక వద్దన్నాను. రెండు కిలోల ఆవకాయ పంపారు. లేబులు స్కాన్ చేసి చూశాకే మూత తీశాను.