వైర్ రేటు అంతటా దాదాపు ఒక్కటే.. మరి రీవైరింగ్ బిల్లు ఎందుకిలా మారుతోంది?

మీ డెస్క్‌టాప్ కేబినెట్ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా? నాకూ అలాగే అయింది. పీసీలోనే లోపం అనుకుని పవర్ సప్లై మార్చేశా. అయినా ఆగలేదు. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే అసలు సంగతి బయటపడింది. సాకెట్‌కు మూడో రంధ్రం ఉంది కానీ దాని వెనక వైరే లేదు! మాది నాంపల్లిలో తాతగారి కాలం నాటి ఇల్లు. ఎర్తింగ్ లేదు. పైగా లైట్ల కోసం వేసిన 1.5 స్క్వేర్ ఎంఎం వైర్ మీదే ఏసీ, గీజర్, నా పీసీ అన్నీ నడుస్తున్నాయి.

"ఇల్లంతా రీవైరింగ్ చేయించాల్సిందే బాబూ" అన్నాడాయన.

ఫోన్ కొనేముందు మనం చేసే పనే చేశా: రేట్లు కంపేర్ చేశా. రెండో కొటేషన్ మొదటిదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. కొంపల్లి ఫ్లాట్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి మొదటి కొటేషన్‌లో సగం కూడా కాలేదట. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల లెక్క చూస్తే, ఆ డబ్బుతో ఇక్కడ కారే కొనొచ్చు అనిపించింది.

నా మాట సూటిగా చెప్తా. మొత్తం బిల్లును ఒక ఊరితో ఇంకో ఊరికి పోల్చడం దండగ. ఫోన్ ఫ్యాక్టరీలో తయారై వస్తుంది. రీవైరింగ్ మాత్రం మీ గోడలోనే తయారవుతుంది.

తేడా వైర్‌లో లేదు

అబిడ్స్‌లో ఫోన్లకి జగదీశ్ మార్కెట్ ఎలాగో, వైర్లు, స్విచ్‌లకి పక్కనే ట్రూప్ బజార్ అలాగ. అక్కడ బేరమాడితే కొంత తగ్గుతుంది, అంతే. వైర్ ధరను నడిపించేది రాగి. దాని రేటు ప్రపంచ మార్కెట్‌లో తేలుతుంది. 2024 మేలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో టన్ను రాగి 11,000 డాలర్లు దాటింది. ఆ సెగ అబిడ్స్‌కీ తగులుతుంది, అనంతపురానికీ తగులుతుంది.

తేడా గోడలో, కూలీలో, రూల్స్‌లో ఉంది

కొంపల్లి ఫ్లాట్‌లో గోడ లోపల ముందే పైపులు ఉన్నాయి. పాత వైర్‌కి కొత్తది కట్టి లాగేశారు. మాది రాయి, సున్నం గోడ. పైపే లేదు. గాడి కొట్టాలి, పైపు పెట్టాలి, మళ్లీ ప్లాస్టర్, ఆపైన పెయింట్. అంటే ఎలక్ట్రీషియన్‌తో పాటు మేస్త్రీ, పెయింటర్ కూలీ కూడా బిల్లులో పడుతుంది.

అమెరికాలో ఎక్కువ ఇళ్లు చెక్క ఫ్రేమ్, జిప్సమ్ బోర్డులతో కట్టినవే. గోడ కోయడం తేలికే, కానీ మనిషి గంట ఖరీదు చాలా ఎక్కువ. పర్మిట్, ఇన్‌స్పెక్షన్ ఖర్చులూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఇంటి వైరింగ్ బిల్డింగ్ రెగ్యులేషన్స్ కిందికి వచ్చింది. రీవైరింగ్ చేస్తే సర్టిఫికెట్ ఉండాలి. మన దగ్గరా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయాలని నిబంధన ఉంది. కానీ ఆ లైసెన్స్ చూపించమని మనలో ఎంతమంది అడుగుతున్నాం? మన బిల్లు తగ్గడానికి అదీ ఒక కారణం. అది సంతోషించాల్సిన విషయం కాదు.

అగ్గువ కొటేషన్‌లో ఏం మాయమైంది?

రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చదివితే అర్థమైంది. మొదటిదాంట్లో ఎర్తింగ్ లేదు, ఆర్‌సీసీబీ లేదు, ఏసీకి వేరే లైన్ లేదు. అది డిస్కౌంట్ కాదు, సగం పనికి సగం రేటు.

లెక్క చూడండి. 65 వాట్ల ఫోన్ ఛార్జర్ తీసుకునేది 0.3 ఆంపియర్ కూడా ఉండదు. ఏసీకి 1,500 వాట్లు, గీజర్‌కి 2,000, గేమింగ్ పీసీకి 500 అనుకుంటే, మూడూ కలిపి 230 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు దాటుతుంది. అదే కరెంటుకి 2.5 కంటే 1.5 స్క్వేర్ ఎంఎం వైర్ సుమారు 1.6 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి గోడలో ఉంటుంది కాబట్టి మనకి కనిపించదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఆ వార్త చూసిన రాత్రి మా అమ్మ ఏసీ వెయ్యనివ్వలేదు.

అందుకే కొటేషన్‌ని మూడు లైన్లుగా విడగొట్టి ఇమ్మని అడగండి: మెటీరియల్, వైరింగ్ కూలీ, గోడ పని. పోల్చేటప్పుడు మీ ఇంటి లాంటి గోడలున్న ఇంటితోనే పోల్చండి. బడ్జెట్ చాలకపోతే ఫ్యాన్సీ స్విచ్‌లు తగ్గించుకోండి, పెయింట్ వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. వైర్ సైజు, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ జోలికి మాత్రం పోవద్దు.

నేను రెండో కొటేషనే ఒప్పుకున్నా. కొత్త ఫోన్ ఈ ఏడాదికి లేదు. కేబినెట్ మాత్రం ఇప్పుడు జివ్వుమనట్లేదు.