గోరంత కప్పకీ ఒక పేరు

ఇంటర్ బైపీసీలో ప్రాక్టికల్ మార్కుల కోసం కప్పల్ని కోసినదాన్ని నేను. మైనం ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకీ గుండుసూదులు గుచ్చి... ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. అప్పట్లో మా దృష్టిలో కప్పంటే కప్పే. అందులో మళ్లీ రకాలేమిటి?

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2003లో, కేరళలోని ఇడుక్కి కొండల్లో దొరికిన ఓ కప్పని చూసి శాస్త్రవేత్తలు ముక్కున వేలేసుకున్నారట. ఊదారంగు, ఉబ్బిన ఒళ్లు, పంది మూతి! ఏడాదిలో చాలా భాగం మట్టిలోపలే ఉండి చెదపురుగుల్ని తిని బతుకుతుంది. తొలివానలకి కొద్దిరోజులు పైకొచ్చి, గుడ్లు పెట్టి, మళ్లీ నేలలోకి వెళ్లిపోతుంది. దాని దగ్గరి చుట్టాలున్నది సముద్రం అవతల, సీషెల్స్ దీవుల్లో! ఆ నేలా మన నేలా కలిసి ఉన్ననాటి వంశమన్నమాట. ఎస్.డి. బిజు, బెల్జియం శాస్త్రవేత్త ఫ్రాంకీ బోసూట్ కలిసి దానికి పేరు పెట్టారు.

కొత్త కప్ప అన్నారు గానీ, నాకక్కడే చిన్న అభ్యంతరం. ఆ కొండల్లో ఉండేవాళ్లకి అది కొత్తేం కాదు. వాగుల్లో బండల్ని కరుచుకుని ఉండే దాని పిల్లల్ని, అదే తోకకప్పల్ని, పట్టి వండుకుని తినేవాళ్లున్నారక్కడ. ఏ డబ్బాలో ఏముందో ఇల్లాలికి తెలిసినా, పద్దు పుస్తకంలోకి ఎక్కితేనే లెక్క అన్నట్టు!

అయినా పేరు అవసరమే. పేరు లేని ప్రాణి రేషన్ కార్డు లేని మనిషి లాంటిది. రేపు పోయినా, పోయిందని రాసుకోవడానికి కాగితం ఉండదు.

2017లో ఇంకో వార్త వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న సోనాలీ గర్గ్ అనే అమ్మాయి, బిజు గారి బృందంతో పడమటి కనుమల్లో తిరిగి ఏడు కొత్త రకాల రాత్రి కప్పల్ని గుర్తించింది. ఐదేళ్ల శ్రమ! వాటిలో నాలుగు రకాలైతే బొటనవేలి గోరు మీద కూర్చునేంత. ఒకటిన్నర సెంటీమీటరుకి మించవు. అరుపు వింటే ఏదో పురుగనుకుంటాం. అందుకే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. రాత్రిపూట, వానలో, అడవిలో చెవులు రిక్కించుకుని వినే చదువు అది. మన ఇంట్లో ఆడపిల్ల ఆ చదువు చదువుతానంటే ఏమంటాం? "కప్పల వెంట తిరిగితే నిన్నెవరు చేసుకుంటారే?" అనమూ!

సరే, అసలు సంగతికొస్తాను. రక్షిత అడవి అని గీత గీశాం కదా, ఇంక భయమేముంది అనుకుంటాం. కానీ ఆ ఏడింటిలో రెండు రకాలు దొరికింది ఆ గీత బయట, తోటల్లో. ఇంకొకటి అతిరప్పిళ్లి జలపాతం దగ్గర, జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టాలనుకున్న చోట. మరొకటి శబరిమల దగ్గర. దాని పేరే శబరిమల రాత్రి కప్ప. పులికి గీసిన గీత కప్పకి సరిపోదండీ. దానికి కావలసింది గుప్పెడు తడి ఆకులు, ఓ వాగు. అంతే. ఆ కాస్తా పోతే పక్క కొండకి వలసపోలేదు. కొత్త కప్పలు దొరికాయని పేపర్లో ఫోటో వేయించుకోవడంతో సరిపెడితే ఎలా? దొరికిన చోటు ఎస్టేటైనా సరే, ఆ వాగు జోలికి పోకుండా కట్టడి చెయ్యొద్దూ?

వానల్లేనప్పుడు కప్పని రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిప్పితే చెంబులతో నీళ్లు పోసినవాళ్లం మనం. పాపం ఆ కప్ప అవస్థ ఎలా ఉండేదో గానీ, దానికీ వానకీ ఏదో సంబంధం ఉందని మాత్రం మన అమ్మమ్మలకి తెలుసు.

మొన్న మా మరిది మాల వేసుకుని శబరిమల బయలుదేరుతుంటే, "పంపలో బట్టలు వదిలెయ్యకు, ప్లాస్టిక్ కవర్లు పారెయ్యకు" అన్నాను.

"స్వామి కోసమా వదినా?" అన్నాడు.

"కప్ప కోసం" అన్నాను. నవ్వాడు గానీ, సంచిలోంచి నాలుగు కవర్లు తీసి గట్టు మీద పెట్టి వెళ్లాడు.