స్టేజీ మీద ఐదు నిమిషాలు కాదు, కథకు ఒక రాత్రి ఇద్దాం



కళింగ అనగానే మనకు అశోకుడి యుద్ధం, ఒడిశా, శ్రీకాకుళం గుర్తొస్తాయి. ఈ పోస్టులో చెప్పేది ఆ కళింగ గురించి కాదు. ఫిలిప్పీన్స్ దేశంలో లూజాన్ దీవి ఉత్తరాన, కార్డిలేరా కొండల్లో, చికో నది వెంబడి ఉండే ఆదివాసీల గురించి. పేరు కలిసింది, అంతే. ఆ మాటకు పొరుగు భాషల్లో శత్రువు అని అర్థం చెబుతారు. అంటే బయటివాళ్లు పెట్టిన పేరే. 1995 నుంచి వాళ్ల సొంత ప్రావిన్స్ కూడా అదే పేరుతో ఉంది. బయటోళ్లు పెట్టిన పేర్లతో బతకడం మనకూ కొత్త కాదు కదా.

ఆ జనానికి ఉల్లలిమ్ అనే వీరగాథలున్నాయి. ఇవి చూసి చదివేవి కావు, ఒక మనిషి రాగం తీస్తూ చెప్పుకుంటూ పోతే చుట్టూ కూర్చుని వినేవి. వీరుడు బన్నా, అతను మనసుపడ్డ లగ్గునావా, వాళ్ల ప్రేమ, పోరాటాలు, మాయలు, శత్రువుల తలలు నరికి తేవడం అన్నీ అందులో ఉంటాయి. వీటిని పాడే ముఖ్యమైన చోటు బొదొంగ్ సంబరం. బొదొంగ్ అంటే రెండు తెగల మధ్య శాంతి ఒప్పందం. దానికి పగ్తా అనే కట్టుబాట్లుంటాయి. రెండు వైపులా ఒక్కొక్కరు పూచీగా నిలబడతారు.

ఒక్కసారి ఆలోచించండి. తలలు నరికిన కథను, ఇక నరుక్కోవద్దని ఒట్టు పెట్టుకునే చోట పాడుతున్నారు! మాకు ఇందులో తేడా ఏమీ కనిపించదు. దేన్ని పక్కన పెడుతున్నామో తెలిస్తేనే ఒట్టుకు బరువు. అందుకే ఆ పాటకు ఆ సందర్భం కావాలి.

బొదొంగ్ పాత ముచ్చట అనుకోకండి. 1970ల్లో మార్కోస్ ప్రభుత్వం చికో నది మీద ఆనకట్టలు కడతామంటే, ఊళ్లు, పొలాలు, పూర్వీకుల సమాధులు మునుగుతాయని కళింగ, బొంతోక్ జనం ఈ బొదొంగ్ పద్ధతిలోనే ఒక్కటయ్యారు. 1980 ఏప్రిల్ 24న వాళ్ల పెద్ద మక్లీ-ఇంగ్ దులాగ్‌ను సైనికులు కాల్చి చంపారు. అయినా జనం తగ్గలేదు. చివరికి ఆ ఆనకట్టలు ఆగిపోయాయి. పోలవరం ముంపు ఊళ్ల పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పక్కనే ఉన్న ఇఫుగావో జనానికి హుద్‌హుద్ అనే గాథలున్నాయి (విశాఖను కొట్టిన తుఫాను కాదు). నాట్లు, కోతలు, చావు దగ్గర జాగారం, అప్పుడు పాడతారు. యునెస్కో 2001లోనే గుర్తించింది, 2008లో జాబితాలో చేర్చింది. కానీ చేతికోత పోయి మిషన్లు వచ్చాక పాడే సందర్భమే తగ్గింది. పాడేవాళ్లలో చాలామంది ముసలివాళ్లే. గుర్తింపు వచ్చినా, పని పోతే పాట పోతుందన్నమాట.

ఇప్పుడు మన సంగతి. ప్రధాన్, తోటి పెద్దలు కిక్రి వాయిస్తూ గోండుల గోత్ర కథలు చెబుతారు. కోయల్లో డోలి వాళ్లు పడిగె విప్పి వంశాల చరిత్ర చెబుతారు. డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. మరి మనం ఆగస్టు 9న ఏం చేస్తున్నాం? నాయకుల ఉపన్యాసాలు రెండు గంటలు, డీజే పాటలు ఒక గంట, పెద్దాయనకు ఐదు నిమిషాలు. ఆయన కథ మొదలుపెట్టేలోపే శాలువా కప్పి దించేస్తున్నాం.

"రికార్డు చేసి పెడితే చాలు కదా" అంటారు కొందరు. చేయాలి, తప్పకుండా చేయాలి. ఉల్లలిమ్ పాఠాలు కూడా 1970 నాటికే పుస్తకంగా అచ్చయ్యాయి. కానీ పుస్తకం మాటల్ని దాస్తుంది. పాడే మనిషిని మాత్రం వినే జనమే తయారుచేస్తారు. వినేవాడు లేకపోతే మనవడు ఎందుకు నేర్చుకుంటాడు?

పరీక్షలు, కోచింగులు, ఉద్యోగాల వేట మాకూ ఉన్నాయి. అందుకే పెద్ద కోరికలేం కోరట్లేదు. ఏడాదికి ఒక్క రాత్రి. ఊళ్లో, వాళ్లు ఎప్పుడూ చెప్పే చోట, చెప్పాల్సిన కాలంలోనే పెడదాం. మైకు కాదు, నిప్పు చాలు. కథ మొత్తం మన భాషలోనే విందాం, అర్థం కాని చోట పక్కనున్న అవ్వను అడుగుదాం. పెద్దలు ఒప్పుకుంటేనే ఫోన్ తీద్దాం. శాలువాతో సరిపెట్టకుండా ఆ రాత్రికి తగిన డబ్బు చేతిలో పెడదాం. నేటి చెవికి ఇబ్బందిగా ఉన్న ముక్కలు ఉంటే వాటిని కత్తిరించొద్దు, తెల్లారాక కూర్చుని మాట్లాడుకుందాం.

మీ ఊళ్లో కథ చెప్పే పెద్దలు ఎవరున్నారు, ఏ నెలలో చెబుతారు? ఈ వారంలోనే ఇంట్లో అడగండి. తేదీ వాళ్లనే చెప్పమందాం. మనం వెళ్లి కూర్చుందాం.

జై ఆదివాసీ!