చాదస్తం కాదు, నయమయ్యే జబ్బు!

మన కొండల్లో చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలని ఇవాళ ముసలమ్మకి కూడా తెలుసు. మనసుకి జబ్బు చేస్తే మాత్రం ఇంకా దిసారి దగ్గరకే పరుగు! ఎందుకని?

ఆశ్రమ పాఠశాలలో ఒక పిల్లవాణ్ణి ఊహించుకోండి. కుళాయి దగ్గర చర్మం పగిలేదాకా చేతులు కడిగిందే కడుగుతాడు. ట్రంకుపెట్టె తాళం పదిసార్లు లాగి చూస్తాడు. తోటివాళ్ళు చాదస్తం అంటారు. వార్డెన్ పొగరంటాడు. ఇంటిదగ్గర చిల్లంగి అంటారు. కడగకపోతే అమ్మకి ఏదో అయిపోతుందని వాడి భయం! అర్థం లేదని తెలిసినా మానలేడు. దీని పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓ.సి.డి. పిల్లల్లో నూటికి ఒకరిద్దరికి ఉంటుందని అంచనా. కొండలకేమీ మినహాయింపు లేదు.

వైద్యం ఉందా? ఉంది. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దారి చూపాడు. భయపడే వస్తువుని ముట్టుకోవాలి, ముట్టుకున్నాక కడగకుండా ఆగాలి. మొదట గుండె దడదడలాడుతుంది. ఓర్చుకుంటే ఆ భయం మెల్లగా దిగుతుంది. చిన్న భయంతో మొదలుపెట్టి, పిల్లవాడు ఒప్పుకున్నాకే పెద్దదానికి పోవాలి. బలవంతం పనికిరాదు. మాది వ్యవసాయ కుటుంబం. మొలకెత్తిందో లేదో అని విత్తనాన్ని రోజూ తవ్వి చూసే రైతుకి పంట రాదు. అనుమానాన్ని ఓర్చుకోవడమే సేద్యం. ఈ వైద్యమూ అంతే.

దిసారిని నేను తప్పుపట్టను. ఆయన భరోసా ఇస్తాడు, అమ్మానాన్నలూ ఇస్తారు. కాని "ఏమీ కాదులే" అని పదేపదే చెప్పడమే ఈ జబ్బుకి ఎరువు!

2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 112 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. పన్నెండు వారాల్లో దాదాపుగా జబ్బు వదిలినవారు ఉత్తుత్తి మాత్రతో నూటికి 4, సెర్ట్రలిన్ మందుతో 21, శిక్షణతో 39, రెండూ కలిపితే 54. మందు అక్కర్లేదని కాదు, డాక్టరు చెబితే వాడవలసిందే. కాని శిక్షణ లేని మందు సగం వైద్యమే.

అసలు చిక్కు ఇక్కడే. మాత్ర బస్సెక్కి అరకు వస్తుంది, శిక్షణ రాదు! విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వంద కిలోమీటర్లకి పైగా ఘాట్ రోడ్డు దిగి, కూలి పోగొట్టుకుని, వారం వారం ఏ తల్లి తీసుకెళ్తుంది? 2022లో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు ఉచితమే. మరి సిగ్నల్ అందని ఊళ్ళ మాటేమిటి?

కనుక నా అభిప్రాయం ఒక్కటే. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడికి, ఒక ఆరోగ్య కార్యకర్తకి ఈ జబ్బుని గుర్తుపట్టడం, డాక్టరు దగ్గరకి పంపడం, ఆయన చెప్పిన అభ్యాసాన్ని పిల్లవాడితో రోజూ చేయించడం నేర్పాలి. ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. ఈలోగా మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో రోడ్లు ఊడ్చే గంటల్లోంచి ఒక్క గంట దీనికిద్దాం. "పిచ్చాసుపత్రి" అనే మాటని ముందు మన హాస్టల్ గదుల్లోంచే ఊడ్చేద్దాం!

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి