నీరుగారిందా? నీరుగార్చారా?

ఉద్యమంలో తిరిగిన ప్రతి ఒక్కరి నోటా నానిన ఇంగ్లీషు మాట ఒకటుంది. డైల్యూట్. యూనియన్ ఆఫీసుల్లో, హాస్టల్ గదుల్లో, ధర్నా టెంట్ల కింద ఈ మాట వినని రోజు లేదు. జీవోను డైల్యూట్ చేశారు, డిమాండ్ డైల్యూట్ అయింది. ఈ మాటను విప్పి చూడాల్సిందే. 1956 నుంచి 2014 దాకా మనం పడ్డ గోస అంతా అందులో ఉంది.

గాఢ ఆమ్లాన్ని నీళ్లలో కలిపితే ఆమ్లం ఎటూ పోదు. ఉన్నంతా ఉంటుంది. తగ్గేది గాఢతే. సీసా మీద పేరు కూడా మారదు. తెలుగు మీడియంలో చదివిన విద్యార్థులకు దీని పేరు గుర్తుండే ఉంటుంది. విలీన ద్రావణం! 1956లో మనకు జరిగిన దానికీ అదే పేరు. విలీనం!

అయితే జరిగిన ప్రతి అన్యాయమూ డైల్యూట్ కాదు. పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలి. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. అది ఉల్లంఘన. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పింది. 1973లో పార్లమెంటు చట్టం చేసి వాటిని తీసేసింది. అది రద్దు.

మరి డైల్యూట్ ఏది? ముల్కీ కావాలంటే 15 ఏళ్ల నివాసం ఉండాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులో స్థానికుడు కావడానికి 4 ఏళ్లు చాలాయి. స్థానికుడు అన్న పేరు ఉంది, చిక్కదనం పోయింది. ఆ ఉత్తర్వునూ పాటించలేదు కనుకనే 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. 5, 6 జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోగా వెనక్కి పంపాలన్నది. జీవోను ఎవరూ రద్దు చెయ్యలేదు. గడువు మాత్రం దాటిపోయింది. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసేదాకా వచ్చింది. కాగితం బీరువాలో భద్రం, బలం గాలికి. డైల్యూట్ అంటే సరిగ్గా ఇదీ!

ఇంకో కిటుకు ఉంది. ఆర్డర్ వాజ్ డైల్యూటెడ్ అని ఇంగ్లీషులో రాస్తే చేసినవాడు మాయమవుతాడు. ఫైళ్ల భాష ఎక్కువగా ఇదే. మన తెలుగు అంత సులువుగా దాచనివ్వదు. నీరుగారింది అంటే దానంతటది కారిపోయినట్టు. నీరుగార్చారు అంటే ఎవరో చేసినట్టు. పాలల్లో నీళ్లు వాటంతటవే కలవవు కదా!

2009 డిసెంబర్ 9 ప్రకటన దానంతటది నీరుగారలేదు. అదే కేంద్రం పద్నాలుగు రోజులకు, డిసెంబర్ 23న, నీరుగార్చింది. దాన్ని మళ్లీ చిక్కబరిచింది ఎవరు? యూనివర్సిటీల్లో లాఠీలు తిన్న విద్యార్థులు. 2011లో 42 రోజులు సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులు, కార్మికులు. పలచబడ్డ దాన్ని తిరిగి చిక్కగా చెయ్యవచ్చని చూపింది వాళ్లే.

2014లో రాష్ట్రం వచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుల వాటాను 95 శాతం చేసింది. సంతోషమే. కానీ అది కూడా కాగితమే. కాగితాన్ని చింపేవాడిని గుర్తుపట్టడం తేలిక, నీళ్లు కలిపేవాడిని గుర్తుపట్టడం కష్టం. రేపు మన రాష్ట్రంలో మన ప్రభుత్వమే నీళ్లు కలిపినా నీళ్లు నీళ్లే.

అందుకే విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ సోదరులకు ఒకటే మాట. ఏ నోటిఫికేషన్ వచ్చినా, ఏ సవరణ వచ్చినా, డైల్యూట్ అయింది అని ఊరుకోవద్దు. కలిపింది ఎవరు? ఏ సంతకంతో? ఏ తేదీన? కర్త పేరు లేని వాక్యాన్ని మనం ఒప్పుకోవద్దు.