సంపాదకుని మాట: ఇనుము మీది అక్షరాలు

మామిడి కోతల కాలంలో ఆగిరిపల్లి సంచికకు పాత తుపాకుల గొడవేమిటని కొందరు అడగవచ్చు. మన ఠాణాల్లో సెంట్రీల భుజాన ఏళ్ల తరబడి వేలాడిన త్రీ నాట్ త్రీ తుపాకిని దగ్గరగా చూస్తే ఆ సందేహం రాదు. బోల్టు పిడి కిందుగా, కుడివైపు ఇనుము మీద కిరీటం, జి.ఆర్. అక్షరాలు, ఇషాపూర్ పేరు, ఏడాది కనిపిస్తే అది దొరల కాలంలో బెంగాల్ కర్మాగారంలో తయారైనది. కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయా, గణతంత్రం నాటిది. బోల్టు నంబరూ బాడీ నంబరూ కలవకపోతే మధ్యలో ఎవరో భాగాలు మార్చారన్నమాట. దొంగ ముద్రలూ ఉంటాయి. ఖైబర్ కనుమ పనివాళ్లు చేసిన నకళ్లలో ఇంగ్లీషు 'ఎన్' తిరగబడి ఉండటం కద్దు!

ఈ ముద్రల సంగతి మన చరిత్రకూ అవసరమే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి తుపాకులు పట్టుకుపోయింది. ఆ కథ ఉత్సాహంగా చెప్పుకుంటాం గానీ అవి ఏ రకం తుపాకులో అడగం. అది మన చరిత్ర రచనలో లోపమే.

పాఠకులకు ఒక మనవి. అటక మీద తాతల నాటి తుపాకి బయటపడితే గరుకు కాగితంతో రుద్దకండి, ముద్రలు చెరిగిపోతాయి. 1959 ఆయుధాల చట్టం ఉంది కనుక ముందుగా ఠాణాలో తెలియజేయండి.