క్రొత్తకారు, దీర్ఘవ్యాజ్యము

మోటారుకారు వెల హెచ్చినకొలది యంత్రముయొక్క యాయువు హెచ్చునను నమ్మకము నిరాధారము. 2014 లో పోర్షే కంపెనీవారి 911 జి.టి.3 స్పోర్ట్సు కార్లు రెండు, క్రొత్తవై యుండగనే, ఐరోపాలో దగ్ధమైనవి. ఇంజనులోని కనెక్టింగు రాడ్డు మరమేకు వదులై క్రాంకుకేసును దెబ్బతీయగా, చమురు కారి నిప్పంటుకొన్నదని తేలినది. కంపెనీవారు 785 కార్లను నడుపవలదని హెచ్చరించి, అన్నిటికిని క్రొత్త యింజనులు వేయ నిశ్చయించిరి. పొరపాటు యెంతవారికైనను కలుగును. దానిని దిద్దుకొనుటయే పెద్దరికము.

మనవద్ద జరిగినదేమి? 2009 సెప్టెంబరు 25 న కొన్న బి.ఎం.డబ్ల్యు. కారునందు నాలుగు దినములకే దోషము బయటపడినది. వ్యవహారము క్రిమినలు ఫిర్యాదై, 2012 లో హైకోర్టువారు క్రొత్తకారు నిమ్మనిరి. కంపెనీవారు సమ్మతించినను, కొన్నవారు వడ్డీతో సొమ్ము కోరిరి. తుదకు 2024 జూలై 10 న సుప్రీముకోర్టువారు 50 లక్షల రూపాయలు చెల్లింపుమని తగవు తీర్చిరి. ఇంచుమించు పదునైదేండ్లు!

ధనవంతులకే యీ గతి పట్టగా, దోమలగూడలో అప్పుచేసి ఆటో కొన్నవానికి, పల్లెలో పొలము తాకట్టుపెట్టి ట్రాక్టరు తెచ్చిన రైతునకు దిక్కెవ్వరు? చట్టములు లేకపోలేదు. దోషయుక్తవాహనములను వెనుకకు రప్పించు నధికారము 2019 సవరణచట్టము కేంద్రప్రభుత్వమున కొసగినది. పరీక్ష యవసరమైన ఫిర్యాదును సైతము అయిదు మాసములలో తేల్చ యత్నింపవలెనని ఆ యేటి వినియోగదారుల చట్టము చెప్పుచున్నది. ఆ గడువు పాటింపబడవలెను. ఆ యధికారము వినియోగింపబడవలెను. ఒరలో తుప్పుపట్టు ఖడ్గము ప్రజలను రక్షింపజాలదు.